వెన్నుపాముకు దెబ్బ తగిలితే కొలెస్ట్రాల్ మాత్ర ఏం చేస్తుంది?

క్లుప్తంగా: రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్ వేరు, వెన్నుపాములో ఉండే కొలెస్ట్రాల్ వేరు. గాయమైన చోట నరాల పొర చితికి పోగుపడే కొవ్వును శరీరం ఎంత త్వరగా ఎత్తిపోస్తే మరమ్మతు అంత బాగా సాగుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఎలుకల్లో తొలి గంటల వాపును తగ్గించాయి, కానీ కొన్ని ప్రయోగశాలల్లో ఆ ఫలితం నిలబడలేదు. నరాలు తిరిగి పనిచేయాలని స్టాటిన్ మొదలుపెట్టడానికి ఈరోజు ఆధారం లేదు. గుండె కోసం వేసుకోవడానికి మాత్రం వెన్నుపాము గాయమే అదనపు కారణం అవుతుంది.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడైనా, బైకు అదుపు తప్పి పడ్డ కుర్రాడైనా, వెన్నుపాముకు దెబ్బ తగిలిందని తేలాక రోగి మంచం పక్కన రెండు సలహాలు వినిపిస్తాయి. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర నరాల వాపును లాగేస్తుంది, వెంటనే మొదలుపెట్టించండి అని ఒకటి. నరాల పొర తయారయ్యేదే కొలెస్ట్రాల్‌తో, ఎప్పటి నుంచో వేసుకుంటున్న మాత్రను కూడా ఆపేయండి అని ఇంకొకటి. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తి విరుద్ధం. విచిత్రం ఏమిటంటే రెండింటి వెనకా నిజమైన ప్రయోగాలే ఉన్నాయి. ఏ కణంలో, గాయమైన ఎన్నో రోజున, ఎంత మోతాదులో అన్న మూడు ప్రశ్నలు మధ్యలో జారిపోవడం వల్లే ఈ గందరగోళం.

రెండు వేర్వేరు ఖాతాలు

లిపిడ్ ప్రొఫైల్ కాగితం మీద కనబడే అంకె కాలేయం, పేగులు, రక్తం మధ్య నడిచే లెక్క. మెదడు, వెన్నుపాముల ఖాతా దానికి వేరు. రక్తనాళాలకూ నాడీకణజాలానికీ మధ్య ఉండే అడ్డుగోడ, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) రేణువులను లోపలికి రానివ్వదు. అందుకే మెదడు, వెన్నుపాము తమకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తామే తయారు చేసుకుంటాయి. శరీర బరువులో మెదడు వాటా రెండు శాతమే అయినా, శరీరంలోని మొత్తం కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు అక్కడే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మైలిన్‌లో, అంటే నరతంతువుల చుట్టూ కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా చుట్టుకుని ఉండే పొరలో ఉంటుంది. నీరు తీసేసి తూస్తే మైలిన్‌లో 70 నుంచి 80 శాతం కొవ్వు పదార్థాలే. వాటిలో పావు వంతు పైచిలుకు కొలెస్ట్రాల్.

ఈ పొరలోని కొలెస్ట్రాల్ కదలిక చాలా నెమ్మది. రక్తంలోది రోజుల్లో మారుతుంటే, పెద్దవారి మెదడులో ఒక అణువు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. అవసరానికి మించినది బయటికి పోవాలంటే నాడీకణాలు దానికి ఒక ఆక్సిజన్ తగిలించి 24-హైడ్రాక్సీ కొలెస్ట్రాల్‌గా మార్చాలి. ఈ రూపానికి అడ్డుగోడ దాటే వీలుంది. రెండో దారి, నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్ కణాలు తయారుచేసే అపోఈ అనే రవాణా ప్రోటీన్. హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్‌ను) పోలిన చిన్న రేణువుల్లో కొలెస్ట్రాల్‌ను నింపుకుని ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరవేయడం దాని పని. ఈ ప్రోటీన్‌లో ఈ-4 రకం వారసత్వంగా వచ్చినవాళ్లలో వెన్నుపాము గాయం తర్వాత కండరాల బలం తక్కువగా తిరిగి వచ్చిందని 2008లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం చెప్పింది. చిన్నదే అయినా సూచన స్పష్టం. గాయం మానడంలో కొలెస్ట్రాల్ ఎంత ఉందన్న దానికంటే అది ఎంత సాఫీగా కదులుతోందన్నదే ముఖ్యం.

దీన్నిబట్టి ఇంకో మాట కూడా తేలుతుంది. గుడ్లు, నెయ్యి, వేటమాంసం ఎక్కువ పెడితే నరాల పొర పెరుగుతుందని మామూలు పరిస్థితుల్లో అనుకోవడానికి లేదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. గాయమైన చోట అడ్డుగోడ కొన్నాళ్లు కారుతుంది. 2017లో జర్మనీలోని గ్యోటింగెన్ శాస్త్రవేత్తలు మైలిన్ దెబ్బతిన్న చిట్టెలుకలకు కొలెస్ట్రాల్ కలిపిన మేత పెట్టినప్పుడు పొర మరమ్మతు మెరుగుపడింది. అది మందు పెట్టి మైలిన్ ఊడగొట్టిన మెదడు. నలిగి, రక్తం కారి, మచ్చ కట్టిన మనిషి వెన్నుపాము కాదు. ఆ ఫలితాన్ని పట్టుకుని రోగి కంచంలో నెయ్యి గుమ్మరిస్తే బరువు పెరుగుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. బరువు సంగతి కింద వస్తుంది.

అసలు చిక్కు శిథిలాలది

వెన్నుపూస విరిగి వెన్నుపాము మీద ఒత్తినప్పుడు ఆ క్షణంలో తెగేవి తెగిపోతాయి. దాన్ని తొలి గాయం అంటారు. తర్వాతి గంటల్లో, రోజుల్లో రక్తప్రసరణ తగ్గడం, వాపు, కాల్షియం కణాల్లోకి దూసుకురావడం, రోగనిరోధక కణాలు గుమిగూడటం వల్ల పక్కనున్న ఆరోగ్యమైన కణజాలం కూడా పోతుంది. ఇది మలి గాయం. మందుల మీద ఆశలన్నీ ఈ మలి గాయం చుట్టూనే తిరుగుతాయి.

చితికిన మైలిన్‌ను ఊడ్చడానికి రెండు రకాల కణాలు వస్తాయి. వెన్నుపాములోనే ఉండే మైక్రోగ్లియా, రక్తం నుంచి వచ్చే మాక్రోఫేజ్‌లు. ఇవి మైలిన్ ముక్కలను మింగుతాయి. ప్రోటీన్‌ను అరిగించుకోగలవు, చాలా కొవ్వులను విరిచి వాడుకోగలవు. కొలెస్ట్రాల్‌ను మాత్రం ఏ కణమూ విరగ్గొట్టలేదు. బయటికి పంపాలి, లేదా ఎస్టర్ అనే నిల్వ రూపంలోకి మార్చి చుక్కలుగా దాచుకోవాలి. గాయమైన వెన్నుపామును పలచగా కోసి, కొవ్వుకు ఎర్ర రంగు పట్టే ఆయిల్ రెడ్ ఓ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ కణాలు లోపలంతా ఎర్రటి బుడగలతో ఉబ్బి కనిపిస్తాయి. గుండె రక్తనాళాల్లో పూడికకు మొదలయ్యే నురుగు కణాలూ అచ్చం ఇలాంటివే. పోలిక పైపైది కాదు. రెండు చోట్లా జరిగేది ఒకటే, తిన్న కొలెస్ట్రాల్‌ను కక్కలేకపోవడం.

కక్కడానికి కణం పొరలో ఏబీసీఏ1, ఏబీసీజీ1 అనే పంపులున్నాయి. కణంలో కొలెస్ట్రాల్ పెరిగినప్పుడు ఎల్ఎక్స్ఆర్ అనే స్విచ్ పడి ఆ పంపులు ఎక్కువగా తయారవుతాయి. వయసు మీద పడిన జంతువుల్లో ఈ పంపింగు వెనకబడుతుంది. 2018లో మ్యూనిక్ బృందం ముసలి చిట్టెలుకల్లో మైలిన్ దెబ్బతీసి చూసింది. మాక్రోఫేజ్‌ల్లో కొలెస్ట్రాల్ పేరుకుని స్ఫటికాలుగా గడ్డకట్టింది. పదునైన ఆ స్ఫటికాలు కణంలోని లైసోజోమ్ సంచులను చీల్చాయి. దాంతో ఇన్‌ఫ్లమసోమ్ అనే అలారం మోగింది, వాపు ఆరకుండా మిగిలిపోయింది, కొత్త మైలిన్ రాలేదు. ఎల్ఎక్స్ఆర్ స్విచ్‌ను మందుతో నొక్కితే పరిస్థితి కొంత మెరుగైంది. అరవై దాటినవారిలో వెన్నుపాము గాయం ఎందుకు మరీ మొండికేస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి. అదొక్కటే కారణమని కాదు.

చేతి నరం తెగితే పరిస్థితి ఇలా ఉండదు. అక్కడ మైలిన్ చుట్టే ష్వాన్ కణాలు, మాక్రోఫేజ్‌లు కలిసి కొన్ని వారాల్లో శిథిలాలను ఊడ్చేస్తాయి. తంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములో అదే చెత్త నెలలు, మనుషుల్లోనైతే ఏళ్లు కూడా పడి ఉంటుంది. పైగా అది ఊరికే పడి ఉండే చెత్త కాదు. మైలిన్ ముక్కల్లో ఉండే నోగో-ఏ వంటి ప్రోటీన్లు దగ్గరకొచ్చిన తంతువు కొసను ముడుచుకుపొమ్మని ఆదేశిస్తాయి. ఆ ఆదేశం కణం లోపల రో-ఏ అనే ప్రోటీన్ ద్వారా అమలవుతుంది. ఈ రో-ఏ దగ్గరే స్టాటిన్ కథలోకి వస్తుంది.

తూము మూసేసే మందు

జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో బూజు నుంచి తొలి స్టాటిన్‌ను వేరుచేశాడు. అమెరికాలో లోవాస్టాటిన్‌కు 1987లో అనుమతి వచ్చింది. కణంలో కొలెస్ట్రాల్ తయారీకి మొదట్లోనే ఉండే హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. ఇది చెరువు తూమును మూయడం లాంటిది. కింద ఒక్క కొలెస్ట్రాల్ కాలువే ఎండదు. రో, రాస్ ప్రోటీన్లను కణం పొరకు తగిలించి ఉంచే కొవ్వు తోకల కాలువ, కోఎంజైమ్ క్యూ10 కాలువ, అన్నీ ఆ తూము కిందివే.

రో-ఏకు తోక దొరక్కపోతే అది పొరకు అంటుకోలేదు, పనిచేయలేదు. అప్పుడు జరిగేవి మూడు. తంతువు కొసకు ముడుచుకోమనే ఆదేశం బలహీనపడుతుంది. రక్తనాళాల గోడలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీ పెరిగి ప్రసరణ మెరుగవుతుంది. తెల్ల రక్తకణాలు నాళం గోడను దాటి లోపలికి చొరబడటం తగ్గుతుంది. గాయమైన తొలి గంటల్లో ఈ మూడూ కావలసినవే. ఇక్కడ గమనించాల్సింది, వీటిలో ఏదీ రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గడం వల్ల వచ్చింది కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే వేరే మందుల్లో ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది, పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి కాలేయంలోకి లాగేస్తాయి. తూము జోలికి పోవు కాబట్టి వెన్నుపాము విషయంలో వాటికి ఇలాంటి పాత్ర ఉంటుందని చెప్పలేం.

అదే తూమును మూయడం కొన్ని వారాలు గడిచాక అడ్డంకి కావచ్చు. కొత్త మైలిన్ చుట్టాల్సిన ఆలిగోడెండ్రోసైట్‌కు కొలెస్ట్రాల్ ముడిసరుకు. 2005లో గ్యోటింగెన్‌లో ఈ కణాల్లో మాత్రమే కొలెస్ట్రాల్ తయారీని జన్యుపరంగా ఆపినప్పుడు చిట్టెలుకల్లో మైలిన్ ఏర్పడటం బాగా వెనకబడింది. పొర ఎంత వేగంగా పెరగాలో నిర్ణయించేది కొలెస్ట్రాలేనని తేలింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైలిన్ ఊడగొట్టిన చిట్టెలుకలకు సిమ్వాస్టాటిన్ ఇస్తే మరమ్మతు కుంటుపడింది. నరాల కోసం మాత్ర ఆపేయమనే సలహాకు మూలం ఇలాంటి ప్రయోగాలే. అయితే అవి చిట్టెలుక మెదడులోకి బాగా చేరే మందుతో, కిలో బరువుకు పెద్ద మోతాదుల్లో చేసినవి. రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వేసుకునే మనిషి ఆలిగోడెండ్రోసైట్లలో అదే జరుగుతుందని వాటి నుంచి చెప్పలేం.

నాడీకణం వైపు నుంచి చూస్తే కథ మళ్లీ తిరుగుతుంది. తంతువు కొసలో కొలెస్ట్రాల్ తగ్గిస్తే అది వేగంగా పెరిగిందని బార్సిలోనా, టొరంటో ప్రయోగశాలలు 2019-21 మధ్య ప్రకటించాయి. మైలిన్ కణానికి కొలెస్ట్రాల్ కావాలి, మాక్రోఫేజ్ దాన్ని వదిలించుకోవాలి, తంతువు కొసకు అది తక్కువగా ఉంటే మేలు. ఒకే గాయంలో, ఒకే వారంలో, పక్కపక్కనే ఉన్న మూడు కణాలకు మూడు రకాల అవసరాలు. నోట్లో వేసుకున్న మాత్ర వీటిలో ఒక్కదాన్ని ఎంచుకుని పోదు.

ఎలుకలు ఒప్పుకున్నది, ఒప్పుకోనిది

అమెరికాలోని సౌత్ కరోలినా వైద్య విశ్వవిద్యాలయం నుంచి 2005, 2007లో వచ్చిన ఫలితాలు ఆశ రేపాయి. వెన్నుపాము నలగ్గొట్టిన ఎలుకలకు అటోర్వాస్టాటిన్ ఇస్తే వాపు తగ్గింది, కణాల చావు తగ్గింది, వెనక కాళ్ల నడక బాగా మెరుగైంది. నడకను కొలిచేది బీబీబీ స్కేలు. సున్నా అంటే కదలికే లేదు, 21 అంటే మామూలు నడక. చైనా నుంచి సిమ్వాస్టాటిన్‌తోనూ మంచి ఫలితాలొచ్చాయి.

తర్వాత 2010లో కెనడాలోని వాంకూవర్ బృందం సిమ్వాస్టాటిన్‌నూ అటోర్వాస్టాటిన్‌నూ పరీక్షించింది. తాము మనుషుల మీద ప్రయోగానికి సిద్ధం చేద్దామనుకున్న మందు నిజంగా గట్టిదేనా అని తేల్చుకోవడం వాళ్ల ఉద్దేశం. చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు, ఆ సంగతిని వ్యాసం శీర్షికలోనే పెట్టి ప్రచురించారు. ఈ రంగంలో అరుదైన, మెచ్చుకోవలసిన పని అది. పని చేసిందన్న వ్యాసాలు పది చోట్ల వినబడతాయి, పని చేయలేదన్నది అలమరలో పడి ఉంటుంది.

ఫలితాలు ఎందుకు విడిపోయాయి? ఒక కారణం సమయం. కొన్ని ప్రయోగాల్లో దెబ్బ కొట్టడానికి ముందునుంచే మందు ఇచ్చారు, నిజ జీవితంలో అది కుదరదు. రెండోది దెబ్బ బలం. మూడోది మోతాదు. జంతు ప్రయోగాల్లో కిలో బరువుకు 5 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా వాడారు. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే శరీర ఉపరితలాన్ని బట్టి 6.2తో భాగించడం వాడుక. కిలోకు 5 మిల్లీగ్రాములంటే మనిషికి కిలోకు 0.8, అంటే 60 కిలోల మనిషికి సుమారు 48 మిల్లీగ్రాములు. అటోర్వాస్టాటిన్ అయితే ఇది అందుబాటులో ఉన్న మోతాదే. కిలోకు 20 అయితే అదే మనిషికి 190 మిల్లీగ్రాములు దాటుతుంది. కండరాలు దెబ్బతినే ప్రమాదం వల్ల సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల వాడకాన్నే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో కట్టడి చేసింది. కాబట్టి కొన్ని ఎలుకలు కోలుకున్నది మనిషి ఎప్పటికీ వేసుకోలేని మోతాదుతో.

ఫైబ్రేట్ల కథ కూడా ఇలాగే చీలింది. ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ చిట్టెలుకల వెన్ను నరాల ముడుల్లో ఉండే సహాయక కణాలను ఉత్తేజపరచి తంతువుల పెరుగుదలకు తోడ్పడిందని సెయింట్ లూయిస్ నుంచి 2020లో వార్త వచ్చింది. అదే కుటుంబానికి చెందిన జెమ్‌ఫైబ్రోజిల్ వెన్నుపాము గాయంలో పనికిరాలేదని ఒహాయో బృందం 2011లోనే రాసింది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి

పక్క జబ్బుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మెదడు పైపొరల మధ్య రక్తస్రావమైన 803 మందిలో సిమ్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములను పరీక్షించిన స్టాష్ ప్రయోగం 2014లో ముగిసింది. జంతువుల్లో, చిన్న ప్రయోగాల్లో కనబడిన లాభం పెద్ద ప్రయోగంలో ఆవిరైంది. రోగనిరోధక కణాలు మైలిన్‌నే దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు ఇంకా ఆసక్తికరమైన పాఠం. 140 మందితో జరిగిన రెండో దశలో మెదడు కుంచించుకుపోయే వేగం 43 శాతం తగ్గిందని 2014లో ప్రచురితమైంది. దాదాపు వెయ్యి మందితో చేసిన మూడో దశలో వైకల్యం ముదరడం ఆగలేదని 2024లో ప్రకటించారు. స్కాన్‌లో మార్పు వేరు, మనిషి నడక వేరు.

వెన్నుపాము గాయానికి మరింత దగ్గరి ఉదాహరణ వీఎక్స్-210. స్టాటిన్ చుట్టూ తిరిగి చేసే పనిని ఇది నేరుగా చేస్తుంది, రో ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. శస్త్రచికిత్స సమయంలో వెన్నుపాము పైపొర మీదే పూస్తారు. 2018లో మధ్యంతర లెక్కలు చూసి ప్రయోజనం కనబడే అవకాశం లేదని ప్రయోగాన్ని ఆపేశారు. రోను గాయం మీదే అడ్డుకున్నా మనుషుల్లో ఫలితం తేలనప్పుడు, నోటి ద్వారా వేసుకుని కాలేయంలోనే ఎక్కువ భాగం చిక్కుకుపోయే మాత్ర మీద భారీ ఆశ పెట్టుకోవడం కష్టం.

మాత్ర వేసుకున్నాక కాలు కదిలింది అనే అనుభవాలను కూడా జాగ్రత్తగా చూడాలి. గాయం అసంపూర్ణమైతే, అంటే దెబ్బ కింద కొంత స్పర్శో కదలికో మిగిలి ఉంటే, మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఏ మందూ లేకుండానే చాలామందికి గణనీయంగా మెరుగవుతుంది. ఆ కాలంలో ఏది వేసుకున్నా పేరు దానికే వస్తుంది.

తొలి రోజుల్లో ఏం చేస్తారు

గాయమైన వెంటనే ఫలితాన్ని మార్చగలిగేవి వేరే ఉన్నాయి. మెడ, వీపు కదలకుండా తరలించడం, వీలైతే 24 గంటల్లోపు ఒత్తిడి తీసే శస్త్రచికిత్స, రక్తపోటు పడిపోకుండా చూడటం, రక్తంలో ఆక్సిజన్ నిలబెట్టడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించడం. స్టాటిన్ ఈ జాబితాలో లేదు.

కానీ చేరేనాటికే రోగి స్టాటిన్ మీద ఉంటే? గుండె జబ్బో, పక్షవాతమో ఉండి వేసుకుంటున్నవాళ్లకు ఉన్నట్టుండి ఆపడం మంచిది కాదు. పక్షవాతం వచ్చిన 89 మందిలో మూడు రోజుల పాటు స్టాటిన్ ఆపి చూసిన స్పెయిన్ ప్రయోగంలో ఆపినవారి పరిస్థితే అధ్వానంగా తేలింది. అందుకే మామూలుగా మాత్రను కొనసాగిస్తారు, ముక్కు గొట్టం ఉంటే అటోర్వాస్టాటిన్‌ను పొడి చేసి ఇవ్వవచ్చు. ఆపాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కాళ్లు కూలిన గోడల కింద గంటల తరబడి నలిగినా, పడిపోయిన చోటే చాలాసేపు కదల్లేక ఉన్నా కండరం చితికి సీకే అనే ఎంజైము వేలల్లోకి పోతుంది. సీకే మామూలు గరిష్ఠానికి పది రెట్లు మించినా, మూత్రపిండాలు దెబ్బతింటున్నా అది దిగేదాకా స్టాటిన్ పక్కన పెడతారు. పేగు కదలిక ఆగి కడుపు ఉబ్బిన రోజుల్లో నోటి మందులన్నీ ఎలాగూ ఆగుతాయి.

ఆ వారంలో తీసిన లిపిడ్ ప్రొఫైల్‌ను నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. పెద్ద గాయం, శస్త్రచికిత్స, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ పడిపోతాయి. కొలెస్ట్రాల్ బాగా తగ్గిందని సంబరపడితే అది జబ్బు తీవ్రతకు గుర్తే కావచ్చు. రెండు మూడు నెలలు గడిచి మనిషి కుదుటపడ్డాక చూసిన అంకే అసలు అంకె.

ఏళ్ల తరబడి: ఇక్కడే స్టాటిన్ అవసరం

గాయం పాతబడేకొద్దీ కొలెస్ట్రాల్ ప్రశ్న వెన్నుపాము నుంచి గుండెకు మారుతుంది. చచ్చుపడ్డ కండరం కరిగిపోతుంది, ఆ చోటులో కొవ్వు చేరుతుంది. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి మామూలువారితో పోలిస్తే 14 నుంచి 27 శాతం తక్కువని కొలతలు చెబుతున్నాయి. ఇంట్లో మాత్రం పాపం నీరసించాడు అని ఒక ముద్ద ఎక్కువే పెడతారు. వెన్నుపాము గాయం ఉన్నవారి లిపిడ్ ప్రొఫైల్‌లో తరచుగా కనబడేది ఎల్‌డీఎల్ మరీ పెరగడం కాదు, హెచ్‌డీఎల్ బాగా తగ్గడం. గాయం ఎంత పైన ఉంటే అది అంత ఎక్కువగా తగ్గుతుంది. మొత్తం కొలెస్ట్రాల్ 170 కనబడింది కదా అని నిశ్చింతగా ఉంటే, అందులో హెచ్‌డీఎల్ 28 ఉన్న సంగతి కంటబడకుండా పోతుంది.

బరువు కూడా కళ్లను మోసం చేస్తుంది. కాళ్ల కండ పోవడం వల్ల తూకం తక్కువే వస్తుంది, కొవ్వు శాతం ఎక్కువగానే ఉంటుంది. అందుకే అమెరికాలో 2018లో వెలువడిన మార్గదర్శకాలు వీరికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 22కు చేరితే చాలు ఊబకాయంగా లెక్కించాలన్నాయి. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి, అంటే 170 సెంటీమీటర్లకు, ఆ గీత సుమారు 63.5 కిలోల దగ్గర పడుతుంది. మామూలు చార్టులో అది చక్కని బరువు.

ఛాతీ పైభాగానికి లేదా మెడకు గాయమైనవారిలో గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. నొప్పి కబురు మోసే దారులు తెగి ఉంటాయి. చెమటలు, ఆయాసం, అకారణంగా కాళ్లు బిగుసుకుపోవడం, రక్తపోటు హఠాత్తుగా ఎగబాకడం వంటివే సంకేతాలు కావచ్చు. నొప్పి హెచ్చరించదు కాబట్టి ముందు జాగ్రత్తకు విలువ ఎక్కువ, స్టాటిన్‌కు ఇక్కడ బలమైన కారణం ఉంది. ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 49 శాతం తగ్గించే మధ్యస్థ మోతాదు అంటే అటోర్వాస్టాటిన్ 10 లేదా 20 మిల్లీగ్రాములు, లేదా రోసువాస్టాటిన్ 5 లేదా 10. భారతీయ మూలాలవారితో సహా ఆసియన్ల రక్తంలో రోసువాస్టాటిన్ స్థాయి ఎక్కువగా చేరుతుంది కాబట్టి 5తో మొదలుపెట్టమని ఆ మందు లేబులే చెబుతుంది. మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయాలి. హెచ్‌డీఎల్‌ను మాత్రం స్టాటిన్ పెద్దగా పెంచదు. నియాసిన్ (బీ3 విటమిన్) పెంచుతుంది గానీ, పెద్ద ప్రయోగాల్లో గుండెపోట్లు తగ్గకపోవడంతో దాని వాడకం తగ్గింది. చేతులతో చేసే వ్యాయామం ఇక్కడ మందుకు తోడు కావాలి. వీల్‌చైర్ తోసుకోవడం, చేతి పెడల్ తొక్కడం లాంటివి వారానికి మూడుసార్లు, ప్రతిసారీ అరగంట, మాట్లాడటం కష్టమయ్యేంత జోరుగా.

స్పర్శ లేని కాలిలో నొప్పి

స్టాటిన్ వల్ల వచ్చే ముఖ్యమైన ఇబ్బంది కండరాల నొప్పి, నీరసం. తొడలు, పిక్కలు, భుజాలు రెండు వైపులా ఒకేలా పీకుతాయి. స్పర్శ లేని కాళ్లలో ఈ నొప్పి తెలియదు. మిగిలి ఉన్న భుజాల నొప్పి తెలుస్తుంది గానీ, రోజంతా వీల్‌చైర్ తోసేవారికి భుజం నొప్పి మామూలే కాబట్టి మాత్ర మీద అనుమానం రాదు. అందుకే మాత్ర మొదలుపెట్టేముందే ఒకసారి సీకే చూసి రాసిపెట్టుకోవడం మంచిది. కొత్తగా బిగుసుకుపోవడం పెరిగినా, మంచం నుంచి కుర్చీలోకి మారేటప్పుడు చేతుల బలం తగ్గినట్టు అనిపించినా ఆ అంకెతో పోల్చి చూడొచ్చు.

మందుల మధ్య తగాదాలు కూడా వీరిలో ఎక్కువ, వేసుకునే మాత్రల సంఖ్యే ఎక్కువ కాబట్టి. నరాల మంటకు కార్బమాజెపైన్ వాడుతుంటే అది కాలేయంలో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లను త్వరగా కరిగించేస్తుంది, ఎల్‌డీఎల్ అనుకున్నంత దిగదు. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ దీనికి ఎదురు, స్టాటిన్ స్థాయిని అమాంతం పెంచుతాయి. ఛాతీ ఇన్ఫెక్షన్‌కో, ఫంగస్‌కో ఇవి రాసిన వారం సిమ్వాస్టాటిన్ పూర్తిగా ఆపాలి, అటోర్వాస్టాటిన్ అయితే తగ్గించాలి లేదా ఆపాలి. బీపీకి ఆమ్లోడిపిన్ ఉంటే సిమ్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గ్యాస్‌కు తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న తెల్లటి ద్రవం రోసువాస్టాటిన్‌ను పీల్చుకోనివ్వదు, మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి. కండరాల బిగుతు తగ్గించే మందు బాక్లోఫెన్‌తో మాత్రం స్టాటిన్లకు చెప్పుకోదగ్గ గొడవ లేదు.

మూత్రం గొట్టం (కాథెటర్) ఉన్నవారికి ఒక విషయంలో మాత్రం సౌలభ్యం ఉంది. కండరం తీవ్రంగా కరిగినప్పుడు దాని రంగు పదార్థం మూత్రంలోకి దిగుతుంది. సంచిలో మూత్రం ఎండల వల్లా, నీళ్లు తక్కువ తాగడం వల్లా ముదురు పసుపు కావచ్చు, నీళ్లు పడితే తేటపడుతుంది. ఇన్ఫెక్షన్ అయితే మసకగా, వాసనతో ఉంటుంది. కాఫీ డికాషన్ రంగు వచ్చి, రెండు మూడు గ్లాసుల నీళ్లు తాగాక కూడా అలాగే ఉంటే మాత్రం ఆ రాత్రి స్టాటిన్ వేసుకోకుండా, తెల్లారేదాకా ఆగకుండా సీకే, క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి.